నడి సముద్రానికి చిరునామా

తుఫాను రోజుల్లో రేడియోలో, టీవీలో ఇలాంటి వార్త వస్తుంది.

"బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. అది అక్షాంశం 14 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 85 డిగ్రీల తూర్పు దగ్గర ఉంది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు."

చివరి మాట అందరికీ అర్థమవుతుంది. వేటకు వెళ్ళొద్దు. మరి మధ్యలో చెప్పిన అంకెలు? చాలామంది వాటిని వదిలేస్తారు. అవి ఆఫీసర్లకి, పెద్ద చదువులు చదివినవాళ్ళకి అనుకుంటారు.

అది నిజం కాదు. ఆ రెండు అంకెలు చెప్పేది ఒక్కటే. వాయుగుండం సముద్రంలో ఏ చోట ఉందో చెప్తాయి. అంకెలు చదవడం వచ్చిన ప్రతి మనిషీ దాన్ని తెలుసుకోవచ్చు.

భర్త, కొడుకు పడవ మీద ఉంటారు. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్ళు, మేకలు, కోళ్ళు ఉంటాయి. తుఫాను ఎంత దూరంలో ఉంది, ఎటు వస్తోంది అనేది ఇంట్లో ఉన్న ఆడమనిషికి కూడా తెలియాలి. అందుకే ఈ పాఠం.

చుక్కల ముగ్గులో ఒక చుక్క

ఊళ్ళో ఇల్లు ఎక్కడుందో చెప్పడం తేలిక. "రామాలయం వీధిలో, వేపచెట్టు పక్కన" అంటాం. సముద్రంలో వీధులు లేవు. చెట్లు లేవు. ఎటు చూసినా నీళ్ళే. మరి అక్కడ ఒక చోటుని ఎలా చెప్పాలి?

చుక్కల ముగ్గు గుర్తు చేసుకోండి. ఏడు వరుసల చుక్కలు పెట్టారు. ఒక్కో వరుసలో ఏడు చుక్కలు. అందులో ఒకే ఒక్క చుక్కని పక్కింటావిడకి చూపించాలి. వేలు పెట్టకూడదు. నోటితోనే చెప్పాలి. ఏమని చెప్తారు?

"కింది నుంచి మూడో వరుస" అంటే చాలదు. ఆ వరుసలో ఏడు చుక్కలున్నాయి. "ఎడమ నుంచి అయిదోది" అని కూడా చెప్పాలి. కింది నుంచి మూడు, ఎడమ నుంచి అయిదు. రెండు అంకెలు చెప్పగానే చుక్క దొరికింది. ఒక్క అంకెతో దొరకదు.

భూమి మీద కూడా ఇలాగే లెక్క వేశారు. పటం మీద అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు గీశారు. అడ్డగీతలు అక్షాంశాలు. నిలువు గీతలు రేఖాంశాలు. ఈ గీతలు నేల మీద, నీళ్ళ మీద ఎక్కడా కనబడవు. లెక్క కోసం మనుషులు గీసుకున్నవి. పటం మీద, గ్లోబు మీద మాత్రమే కనబడతాయి. గ్లోబు అంటే బంతిలా గుండ్రంగా చేసిన భూమి బొమ్మ.

గుమ్మడికాయ మీద భూమి

గ్లోబు అందరి దగ్గరా ఉండదు. ఒక గుండ్రటి గుమ్మడికాయ తీసుకోండి. అదే భూమి అనుకోండి. తొడిమ ఉన్న చోటు ఉత్తర ధ్రువం. కింద అడుగు దక్షిణ ధ్రువం.

గుమ్మడికాయ నడుముకి ఒక దారం కట్టండి. మొలతాడు కట్టినట్టు. ఆ దారం భూమధ్యరేఖ. దానికి అంకె 0. దాని పైన సగం ఉత్తరం, కింద సగం దక్షిణం.

ఇప్పుడు ఆ దారానికి పైన ఇంకో దారం, దాని పైన మరొకటి కట్టుకుంటూ పోండి. తొడిమ దగ్గరకి పోయేకొద్దీ దారం చిన్నదవుతుంది. చివరికి గాజంత అవుతుంది. తొడిమ దగ్గర చుక్క మాత్రమే మిగులుతుంది. ఈ దారాలు అక్షాంశాలు. నడుము దగ్గర 0 నుంచి తొడిమ దగ్గర 90 వరకు లెక్క. ఆ అంకెలను డిగ్రీలు అంటారు. జ్వరం చూసేటప్పుడు చెప్పే డిగ్రీలు వేరు, ఇవి వేరు. గుండ్రటి గీతని 360 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక డిగ్రీ.

భారతదేశం అంతా భూమధ్యరేఖకి పైనే ఉంది. అందుకే మన అక్షాంశం చెప్పేటప్పుడు "ఉత్తరం" అంటారు.

ఇక నిలువు గీతలు. గుమ్మడికాయ మీద తొడిమ నుంచి అడుగుదాకా గాడులు దిగి ఉంటాయి కదా. అవే రేఖాంశాలు అనుకోండి. అన్నీ తొడిమ దగ్గర కలుస్తాయి. అన్నీ అడుగున మళ్ళీ కలుస్తాయి. నడుము దగ్గర ఎడంగా ఉంటాయి.

ఒక చిక్కు వచ్చింది. గాడులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ గాడి నుంచి లెక్క మొదలుపెట్టాలి? నడుముకి మధ్య అనేది ఉంది. గాడులకి మొదలు లేదు, చివర లేదు. పూర్వం ఒక్కో దేశం ఒక్కో గీత నుంచి లెక్క పెట్టేది. దానివల్ల ఓడలకి తికమకగా ఉండేది. 1884లో అమెరికాలోని వాషింగ్టన్‌లో చాలా దేశాలవాళ్ళు సమావేశమయ్యారు. ఇంగ్లండులో లండన్ దగ్గరున్న గ్రీనిచ్ మీదుగా పోయే గీతని 0 అనుకుందామన్నారు. అప్పటికే ఎక్కువ ఓడలు ఆ గీతతో ఉన్న పటాలనే వాడుతున్నాయి.

గ్రీనిచ్‌కి తూర్పున 180 డిగ్రీలు, పడమర 180 డిగ్రీలు. మన దేశం తూర్పు వైపు ఉంది. అందుకే మన రేఖాంశం చెప్పేటప్పుడు "తూర్పు" అంటారు.

మన ఊళ్ళ అంకెలు

మన తీరంలో కొన్ని ఊళ్ళ అంకెలు ఇవి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

నెల్లూరు: 14.5 ఉత్తరం, 80 తూర్పు
మచిలీపట్నం: 16.2 ఉత్తరం, 81.1 తూర్పు
కాకినాడ: 17 ఉత్తరం, 82.2 తూర్పు
విశాఖపట్నం: 17.7 ఉత్తరం, 83.3 తూర్పు
కళింగపట్నం: 18.3 ఉత్తరం, 84.1 తూర్పు

14.5 అంటే పద్నాలుగున్నర. 14 గీతకీ 15 గీతకీ సరిగ్గా మధ్యలో అని అర్థం.

పై నుంచి కిందికి అంకెలు చదవండి. నెల్లూరు నుంచి కళింగపట్నం వెళ్ళేకొద్దీ రెండు అంకెలూ పెరుగుతున్నాయి. అంటే మన తీరం ఉత్తరానికీ పోతోంది, తూర్పుకీ పోతోంది. ఏటవాలుగా ఉంది. పటం చూస్తే అదే కనబడుతుంది.

హైదరాబాదు అంకెలు 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. విశాఖపట్నంతో పోల్చండి. మొదటి అంకె దాదాపు ఒకటే. రెండోది దాదాపు అయిదు తేడా. అంటే హైదరాబాదు విశాఖకి ఇంచుమించు నేరుగా పడమర ఉంది.

అత్తాకోడళ్ళ మాటలు

అత్త: ఈ అంకెలన్నీ దేనికే? మీ మావ చదువుకున్నాడా? చీకట్లో చుక్కల్ని చూసుకుని ఇంటికొచ్చేవాడు.

కోడలు: ఏ చుక్కని చూసేవాడత్తా?

అత్త: చాలా చుక్కలు. ధ్రువ నక్షత్రం ఒకటి. పెళ్ళిలో అరుంధతితో పాటు చూపిస్తారే, అదే. అది కదలదు. ఎప్పుడూ ఉత్తరానే ఉంటుంది.

కోడలు: ఈ పాఠంలో అక్షాంశం అన్నారు కదా. దాన్ని ఆ చుక్కే చెప్తుందట.

అత్త: ఎట్టా?

కోడలు: చెయ్యి బారుగా చాపి పిడికిలి పట్టాలి. పిడికిలి ఎత్తు సుమారు పది డిగ్రీలు. నీళ్ళ అంచు నుంచి ధ్రువ నక్షత్రం ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉందో చూడాలి. నెల్లూరు దగ్గర ఒకటిన్నర పిడికిలి. అంటే సుమారు పదిహేను డిగ్రీలు. మన అక్షాంశం అదే.

అత్త: ఉత్తరానికి పోతే?

కోడలు: చుక్క పైకి లేస్తుంది. కాశ్మీరులో శ్రీనగర్ దగ్గర మూడున్నర పిడికిళ్ళ ఎత్తున కనబడుతుంది. శ్రీనగర్ అక్షాంశం 34.

అత్త: అయితే మీ మావకి ఈ పాఠం ముందే వచ్చన్నమాట. అంకె ఒక్కటే తెలీదు.

అత్త అన్నమాట నిజమే. వెనకటివాళ్ళు చుక్కల ఎత్తు చూసి తాము ఎంత ఉత్తరాన ఉన్నారో తెలుసుకునేవాళ్ళు. అయితే మబ్బు పడితే చుక్క కనబడదు. తుఫాను వచ్చేటప్పుడు మబ్బే ఉంటుంది.

రేఖాంశానికి గడియారం

తూర్పు పడమరల లెక్క చుక్కల ఎత్తుతో తేలదు. దానికి గడియారం కావాలి.

భూమి 24 గంటల్లో ఒక్కసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అంటే 24 గంటల్లో 360 డిగ్రీలు. ఒక గంటకి 15 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందు నడినెత్తికి వస్తాడు. కళింగపట్నానికీ నెల్లూరుకీ నాలుగు డిగ్రీల తేడా. అంటే కళింగపట్నంలో సూర్యుడు నడినెత్తికి వచ్చాక పదహారు నిమిషాలకి నెల్లూరులో వస్తాడు.

ఊరికో టైము పెట్టుకుంటే రైళ్ళు నడవవు. అందుకే దేశం మొత్తానికి ఒకే గీత పెట్టుకున్నారు. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత కాకినాడకి దగ్గరగా పోతుంది. దేశంలో అన్ని గడియారాలూ ఆ గీత ప్రకారమే నడుస్తాయి.

కువైట్‌లో పనికి వెళ్ళిన చెల్లెలికి ఫోను చేసేటప్పుడు కూడా ఈ లెక్కే. కువైట్ గడియారం 45 డిగ్రీల గీత ప్రకారం నడుస్తుంది. 82.5లో 45 తీసేస్తే 37.5. దాన్ని నాలుగుతో గుణిస్తే 150 నిమిషాలు. అంటే రెండున్నర గంటలు. ఇక్కడ ఉదయం ఎనిమిదైతే అక్కడ ఇంకా అయిదున్నరే.

తుఫాను అంకెలు చదవడం

ఇప్పుడు మొదట విన్న వార్త దగ్గరకి వద్దాం. 14 ఉత్తరం, 85 తూర్పు.

మొదటి అంకె 14. నెల్లూరు 14.5. అంటే వాయుగుండం ఇంచుమించు నెల్లూరుకి ఎదురుగా సముద్రంలో ఉంది.

రెండో అంకె 85. నెల్లూరు 80. తేడా అయిదు డిగ్రీలు. మన తీరం దగ్గర ఒక్క రేఖాంశం తేడా అంటే సుమారు 107 కిలోమీటర్లు. అయిదైతే సుమారు 535 కిలోమీటర్లు. వాయుగుండం నెల్లూరుకి అంత దూరంలో ఉంది.

అక్షాంశానికయితే ఎక్కడైనా ఒక్క డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశాల గీతలు ధ్రువం వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా. అందుకే వాటి మధ్య దూరం తగ్గుతుంది.

సాయంత్రం మళ్ళీ వార్త వచ్చింది. "14.5 ఉత్తరం, 84 తూర్పు" అన్నారు. (ఇవి నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు.) ఏం జరిగింది? మొదటి అంకె అర డిగ్రీ పెరిగింది. రెండో అంకె ఒకటి తగ్గింది.

మన తీరంలో ఉన్నవాళ్ళు రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటి అంకె పెరుగుతుంటే తుఫాను ఉత్తరానికి, అంటే విశాఖ, శ్రీకాకుళం వైపుకి పోతోంది.

రెండో అంకె తగ్గుతుంటే తుఫాను పడమరకి, అంటే మన ఒడ్డు వైపుకి వస్తోంది.

నిజంగా జరిగిన ఒక తుఫాను చూడండి. 2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుఫాను అండమాన్ దీవులను దాటింది. అక్కడ అక్షాంశం సుమారు 12.5, రేఖాంశం సుమారు 93. నాలుగు రోజుల తర్వాత, అక్టోబరు 12న అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖ అంకెలు 17.7, 83.3. మొదటి అంకె దాదాపు అయిదు పెరిగింది. రెండో అంకె దాదాపు పది తగ్గింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చింది.

ఆ నాలుగు రోజులూ వాతావరణ శాఖవాళ్ళు అంకెలు చెప్తూనే ఉన్నారు. తుఫాను రాకముందే లక్షకు పైగా జనాన్ని తీరం నుంచి ఖాళీ చేయించారు. గాలికి విశాఖలో చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి. ఇళ్ళు దెబ్బతిన్నాయి. కాని ముందే కదిలినందువల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి.

1977 నవంబరు 19 దివిసీమవాళ్ళు ఎప్పటికీ మరిచిపోరు. ఆ రోజు ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళనే ముంచేసింది. దాదాపు పది వేలమంది చనిపోయారు. అప్పుడు పల్లెల్లో ఫోన్లు లేవు. రేడియోలు కొద్ది ఇళ్ళల్లోనే ఉండేవి. ఇప్పుడు కబురు ఇంటికే వస్తోంది. వచ్చిన కబురుని అర్థం చేసుకోవడం మన చేతిలో ఉంది.

ఒక్క జాగ్రత్త. రెండు అంకెలూ తుఫాను నడిబొడ్డు ఎక్కడుందో చెప్తాయి. గాలి, వాన అక్కడే ఆగవు. వందల కిలోమీటర్లు వ్యాపిస్తాయి. తుఫాను దారి మార్చుకోవచ్చు కూడా. కాబట్టి "ఇంకా దూరంలోనే ఉందిలే" అని ఇంట్లో కూర్చోకూడదు. ఖాళీ చేయమని అధికారులు చెప్తే వెంటనే కదలాలి. అంకెలు తెలిస్తే ముందుగా సర్దుకోవచ్చు. బియ్యం, మందులు, రేషన్ కార్డు, పాసు పుస్తకం మూట కట్టుకోవచ్చు. గొడ్లని కట్టు విప్పి వదలొచ్చు.

సముద్రంలో గట్లు లేవు

పొలానికి గట్టు ఉంటుంది. ఇది మాది, అది మీది అని తెలుస్తుంది. సముద్రంలో గట్టు వెయ్యలేం. దేశాల మధ్య హద్దులు అక్కడ కూడా ఉన్నాయి. ఆ హద్దుల్ని ఈ అంకెలతోనే రాసుకుంటారు. నీళ్ళ మీద చూస్తే ఏమీ తెలియదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలామంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పడవల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళని, హద్దు దాటి వచ్చారంటూ పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. జైల్లో పెట్టారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై ఇంటికి వచ్చారు. అప్పటివరకు వాళ్ళ భార్యలు, తల్లులు ఏడాదికి పైగా ఎదురుచూశారు.

ఇప్పుడు చాలా పడవల్లో జీపీఎస్ పెట్టె ఉంటుంది. పైన తిరిగే ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని పడవ ఉన్న చోటు లెక్కగడుతుంది. ఆ పెట్టె చూపించేది ఈ రెండు అంకెలే. చాలా ఫోన్లు కూడా వీటిని చూపిస్తాయి.

ఇంజను చెడిపోయినా, పడవలోకి నీళ్ళొచ్చినా "సముద్రంలో ఎక్కడో ఉన్నాం" అంటే వెతికేవాళ్ళకి దారి దొరకదు. రెండు అంకెలు చెప్తే నేరుగా అక్కడికే వస్తారు. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554 నంబరుకి ఫోను చెయ్యాలి. పడవ నుంచి ఇంటికి ఫోను వస్తే, అవతలి మనిషి చెప్పే అంకెల్ని ఇంట్లో ఆడమనిషి కాగితం మీద రాసుకోవాలి. రాసింది మళ్ళీ చదివి వినిపించాలి. ఒక్క అంకె తప్పు పడినా వంద కిలోమీటర్ల తేడా వస్తుంది.

చేసి చూడండి

1. గుమ్మడికాయ మీద గానీ బత్తాయి మీద గానీ సుద్దముక్కతో భూమధ్యరేఖ గీయండి. రెండు అక్షాంశాలు, నాలుగు రేఖాంశాలు గీయండి.

2. కేంద్రంలో ఉన్న భారతదేశం పటం చూడండి. అంచుల్లో అంకెలుంటాయి. 80 డిగ్రీల గీత ఎక్కడుందో వెతకండి. అది నెల్లూరు దగ్గర పోతోందా?

3. మబ్బు లేని రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూడండి. పిడికిలితో కొలవండి.

4. మీ ఊరి అంకెలు తెలుసుకోండి. బడి పంతులుగారిని గానీ పడవవాళ్ళని గానీ అడగండి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

జవాబు చెప్పండి

1. సముద్రంలో ఒక చోటుని చెప్పడానికి ఒక్క అంకె ఎందుకు చాలదు?

2. ఉదయం వార్తలో "15 ఉత్తరం, 86 తూర్పు" అన్నారు. మర్నాడు "15 ఉత్తరం, 84.5 తూర్పు" అన్నారు. తుఫాను ఎటు కదిలింది? సుమారు ఎన్ని కిలోమీటర్లు?

3. తుఫాను ఇంకా దూరంలో ఉన్నా, అధికారులు కదలమంటే ఎందుకు కదలాలి?

కొత్త మాటలు

అక్షాంశం: పటం మీద అడ్డగీత. ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉన్నామో చెప్తుంది.
రేఖాంశం: పటం మీద నిలువు గీత. ఎంత తూర్పున, ఎంత పడమర ఉన్నామో చెప్తుంది.
భూమధ్యరేఖ: భూమి నడుము చుట్టూ ఉన్న 0 డిగ్రీల అక్షాంశం.
ధ్రువం: భూమికి పై కొస, కింది కొస.
వాయుగుండం: సముద్రం మీద సుడి తిరిగే గాలి. బలం పెరిగితే తుఫాను అవుతుంది.
ఉప్పెన: తుఫాను తోసుకొచ్చే సముద్రపు నీళ్ళు ఊళ్ళ మీద పడడం.